చేతి ఫోనులో అలారం ఎందుకు మోగలేదు?

పిల్లలూ! పరీక్ష రోజున ఉదయం అయిదున్నరకు లేవాలని ఫోనులో అలారం పెట్టుకొని పడుకున్నారు. కళ్లు తెరిచేసరికి కిటికీలోనుంచి ఎండ మొహం మీద పడుతున్నది. బస్సు ఎప్పుడో వెళ్లిపోయింది. ఫోను మాత్రం మంచం పక్కన ఏమీ ఎరుగనట్టు పడి ఉన్నది. ఇటువంటి రోజు ఎవరికైనా రావచ్చు. అప్పుడు ఫోనును తిట్టుకోవడం సులభం. అది ఎక్కడ తప్పిందో వెదికి పట్టుకోవడం అంత సులభం కాదు గాని, చేయగలిగిన పనే. వేళకు మందు వేసుకోవలసిన తాతయ్యకు, తెల్లవారుజామున పనికి పోవలసిన నాన్నకు కూడా ఈ అలారమే ఆధారం. కాబట్టి వెదికే పద్ధతి ఇంట్లో ఒక్కరికైనా తెలిసి ఉండాలి.

పూర్వం ఇళ్లలో కీ ఇచ్చే అలారం గడియారం ఉండేది. అలారం కోసం అందులో ఒక చిన్న ముల్లు వేరుగా ఉండేది. గంటల ముల్లు ఆ చోటికి రాగానే లోపల ఒక మీట విడిపోయి, చిన్న సుత్తి గంటను టకటక కొట్టేది. అది మోగకపోతే వెదకవలసిన చోట్లు రెండో మూడో. ఫోనులో ముళ్లు లేవు, సుత్తి లేదు. అయినా పని జరిగే వరుస ఒకటి ఉన్నది. ఆ వరుస తెలిస్తేనే లోపం ఎక్కడో తెలుస్తుంది.

అలారం యాప్ రాత్రంతా మేలుకొని గడియారం వంక చూస్తూ కూర్చుంటుందని చాలామంది అనుకుంటారు. అలా కాదు. యాప్ అంటే ఒక పని కోసం వ్రాసిపెట్టిన ఆదేశాల సమూహం. మీరు 5.30 అని పెట్టగానే అది ఫోనును నడిపే ముఖ్య వ్యవస్థకు ఒక చీటీ ఇచ్చినట్టుగా, “నన్ను 5.30కి లేపండి” అని చెప్పి తాను నిద్రపోతుంది. కాసేపటికి ఫోను కూడా దాదాపు నిద్రపోతుంది. మేలుకొని ఉండేది లోపలి చిన్న గడియారం ఒక్కటే. అందులో ఒక క్వార్ట్జ్ స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఈ వింత సంఖ్య ఎందుకో తెలియాలంటే దానిని కాగితం మీద రెండుతో భాగించి చూడండి. 16,384 వస్తుంది. మళ్లీ భాగిస్తే 8,192. ఇలా పదిహేనుసార్లు భాగిస్తే సరిగ్గా ఒకటి వస్తుంది. అనగా సెకనుకు ఒక దెబ్బ. సగం చేయడం విద్యుత్ పరికరాలకు బహు తేలిక. అందుకే ఈ సంఖ్యను ఎంచుకున్నారు. బ్యాటరీతో నడిచే చేతి గడియారాలలోనూ సాధారణంగా ఇదే లెక్క.

5.30 కాగానే ఈ చిన్న గడియారం ఫోనును లేపుతుంది. ఫోను యాప్‌ను లేపుతుంది. యాప్ ధ్వనిని మోగిస్తుంది. ధ్వని మిమ్మల్ని లేపుతుంది. ఈ వరుసలో ఎవరు లేవకపోయినా ఆఖరున మీరు లేవరు.

ఇక వెదకడం మొదలుపెడదాం. మొదట అడగవలసినది ఫోనును కాదు, పక్క మంచం మీద పడుకున్న తమ్ముణ్ణి.

“ఒరేయ్, పొద్దున ఏమైనా మోగిందా?”

“మోగింది. నువ్వే చెయ్యి చాచి ఆపేశావు గదా అక్కా!”

ఇలా అన్నాడంటే ఫోను తప్పేమీ లేదు. దానిని చేయి అందని చోట పెట్టడమే మందు. తమ్ముడికీ ఏమీ వినబడలేదంటేనే ముందుకు పోవాలి.

తరువాత, పెట్టిన వేళను చూడండి. ఎ.ఎం. ఉండవలసిన చోట పి.ఎం. ఉంటే అది సాయంత్రం అయిదున్నరకు మోగి అందరినీ నవ్విస్తుంది. ఇరవైనాలుగు గంటల పద్ధతి పెట్టుకుంటే ఈ బాధ లేదు. సోమవారం నుండి శుక్రవారం వరకు అని గుర్తు పెట్టిన అలారం శనివారం పరీక్షకు మోగదు. దేశం మారినప్పుడు ఇంకొక చిక్కు ఉన్నది. మన మారిషస్ కాలం భారతదేశ కాలం కంటే గంటన్నర వెనుక. ఇక్కడ ఉదయం 5.30 అయితే విశాఖపట్నంలో 7.00. సాధారణంగా ఫోను తాను చేరిన దేశపు కాలాన్ని తానే పట్టుకుంటుంది. ఆ ఏర్పాటును ఆపివేసి విశాఖపట్నం వెళ్లారనుకోండి. ఫోనులో 5.30 అయ్యేసరికి అక్కడ 7.00 అయిపోతుంది. అలారం తన లెక్క ప్రకారం సరిగ్గానే మోగింది. లెక్కే వేరే దేశానిది.

కొన్ని దేశాలలో వేసవిలో గడియారాలను ఒక గంట ముందుకు జరుపుతారు. మన దగ్గర కూడా 2008 అక్టోబరు 26 నుండి 2009 మార్చి 29 వరకు అలా చేసి చూసి, తరువాత మానివేశారు. ఇంగ్లండులో ఉన్నవారికి ఈ మార్పు ఏటా రెండుసార్లు వస్తుంది. 2010 అక్టోబరు 31న ఐరోపాలో గడియారాలు గంట వెనక్కి జరిగినప్పుడు, ఐఫోనులో గడియారం సరిగ్గానే మారింది. కాని ప్రతిరోజూ మోగేటట్టు పెట్టిన అలారాలు చాలామందికి గంట ఆలస్యంగా మోగాయి! రెండు నెలలకు, 2011 జనవరి 1న, 2న, ఒక్కసారికి మాత్రమే పెట్టిన అలారాలు ఎన్నో ఐఫోనులలో అసలు మోగనే లేదు. జనవరి 3 నుండి సర్దుకున్నది. ఈ రెండు లోపాలూ వాడేవారివి కావు, ఆదేశాలు వ్రాసినవారివి. యాప్‌ను, ఫోను వ్యవస్థను అప్పుడప్పుడు అప్‌డేట్ చేసుకొమ్మని చెప్పడానికి ఇదొక కారణం.

ధ్వని సంగతి తొందరగా తేలుతుంది. ఆండ్రాయిడ్ ఫోనులలో పాటల ధ్వని వేరు, ఫోను మోత వేరు, అలారం ధ్వని వేరు. పాటలు గట్టిగా వినబడుతున్నాయి కదా అని అలారం కూడా గట్టిగా ఉంటుందనుకోవద్దు. ఐఫోనును సైలెంటులో పెట్టినా అలారం మోగుతుంది. కాని అలారం ధ్వనిగా “ఏదీ వద్దు” అని ఎంచుకొని ఉంటే మోత రాదు. ఆండ్రాయిడ్‌లో పూర్తి నిశ్శబ్దం అనే ఏర్పాటు అలారాన్ని కూడా మూయించగలదు.

ఇప్పుడు అసలు చిక్కు. పగలు పరీక్షించి చూస్తే అలారం చక్కగా మోగుతుంది. రాత్రి పెడితే తెల్లవారుజామున మోగదు. ఎందుకు? మీరు రెండు నిమిషాల తరువాత మోగేటట్టు పెట్టి, ఫోనును చేతిలోనే పట్టుకొని చూశారు. అప్పుడది నిద్రపోనే లేదు. మేలుకొని ఉన్నవాణ్ణి పిలిచి చూసి, నిద్రపోయినవాడు కూడా పలుకుతాడని నమ్మినట్టయింది. 2015లో వచ్చిన ఆరవ ఆండ్రాయిడ్ నుండి బ్యాటరీ పొదుపు కోసం ఒక ఏర్పాటు ఉన్నది. చార్జరు లేకుండా, కదలకుండా, తెర ఆరిపోయి చాలాసేపు పడి ఉన్న ఫోను గాఢనిద్రలోకి పోతుంది. అప్పుడు యాపులు ఇచ్చిన మామూలు చీటీలను తరువాత చూద్దామని పక్కన పెడుతుంది. “ఇది అలారం గడియారం చీటీ” అని గుర్తు వేసి ఇచ్చినదానిని మాత్రం ఆపదు. మంచి యాప్ ఆ గుర్తు వేసే ఇస్తుంది. శ్రద్ధ లేకుండా వ్రాసిన యాప్ వేయదు. ఇది చాలదన్నట్టు కొందరు తయారీదారులు తమ సొంత పొదుపు కూడా జోడించి, వెనుక ఉన్న యాపులను పూర్తిగా ఆపివేస్తారు. పొదుపు మంచిదే గాని, రాత్రి కావలివాడిని కూడా ఇంటికి పంపించే పొదుపు దేనికి?

దీనిని తేల్చడానికి సెలవు రోజుల ముందు రెండు రాత్రులు కావాలి. శుక్రవారం రాత్రి ఫోనును చార్జరుకు తగిలించి అలారం పెట్టండి. శనివారం రాత్రి బ్యాటరీ నిండిన తరువాత చార్జరు తీసివేసి, అదే వేళకు పెట్టండి. మరేదీ మార్చవద్దు. మొదటి ఉదయం మోగి, రెండవ ఉదయం మోగకపోతే అనుమానం పొదుపు మీదికి పోతుంది. సెట్టింగులలో బ్యాటరీ అన్న చోట ఆ యాప్‌కు ఆంక్ష తీసివేసి, మరొక రాత్రి చార్జరు లేకుండానే చూడండి. మోగిందంటే దొంగ దొరికినట్టే. ఒకేసారి నాలుగు మార్పులు చేస్తే అలారం బాగుపడవచ్చు గాని, ఏది బాగుచేసిందో మీకు తెలియదు.

ఈ రాత్రులలో ఫోనుతోపాటు వచ్చిన గడియారం యాప్‌లో కూడా, మూడు నిమిషాల తేడాతో, మరొక అలారం పెట్టండి. రెండూ మోగకపోతే ఫోను వేళను, ధ్వనిని మళ్లీ చూడాలి. ఒకటే మోగితే లోపం మోగని యాప్‌లోనో, దానికి ఇచ్చిన అనుమతులలోనో ఉన్నది.

ఇంకొక్క సంగతి. రాత్రివేళ ఫోను తనంతట తాను అప్‌డేట్ అయి, ఆగి మళ్లీ మొదలైతే ఆండ్రాయిడ్‌లో ఆ చీటీలన్నీ చెరిగిపోతాయి. యాప్ వాటిని మళ్లీ ఇవ్వాలి. కాని మీరు రహస్య సంఖ్య నొక్కి తాళం తీసేదాకా కొన్ని యాపులు పని మొదలుపెట్టలేవు. 2016లో వచ్చిన ఏడవ ఆండ్రాయిడ్ ఇందుకు ఒక దారి చూపింది. ఆ దారిని వాడుకున్న యాపులకే దాని లాభం. ఇక బ్యాటరీ అయిపోతే చెప్పేదేమున్నది! పాత నోకియా ఫోనులు చాలావరకు ఆపివేసి ఉన్నా వేళకు లేచి మోగేవి. ఇప్పటి ఫోనులలో చాలావాటికి ఆ అలవాటు లేదు.

పరీక్ష ముందురోజు మాత్రం ఈ ప్రయోగాలేవీ పెట్టుకోవద్దు. కొత్త యాప్ తెచ్చుకోవద్దు. ఫోనును చార్జరుకు తగిలించి, దాని సొంత గడియారంలోనే అలారం పెట్టండి. అయిదు నిమిషాల తరువాత మోగేటట్టు అమ్మ ఫోనులో మరొకటి పెట్టమనండి. తాతయ్య బీరువాలో కీ ఇచ్చే గడియారం ఇంకా నడుస్తూ ఉంటే, దానికి కూడా కీ ఇచ్చి పెట్టండి. దానికి చీటీలు తెలియవు, అనుమతులు అక్కర లేదు.