‘ఒక్కడే దేవుడు’ అన్న మాట వెనుక

ఇశ్రాయేలీయుల చరిత్రలో ‘ఒకే దేవుడు’ అన్న మాటకు తొలినాటి అర్థం వేరు. వేరే దేవుళ్లు లేరని కాదు, తాము కొలవవలసింది ఒక్కడినేనని. మోయాబు వారికి కెమోషు, అమ్మోను వారికి మిల్కోము ఉన్నట్టే ఇశ్రాయేలుకు యెహోవా. భీమవరంలో మావుళ్లమ్మకు మొక్కేవారు పెద్దాపురం మరిడమ్మ లేదని అనరు కదా, ఆనాటి భావన కొంతవరకు అలాంటిదే. న్యాయాధిపతుల గ్రంథం 11వ అధ్యాయంలో యెఫ్తా అమ్మోను రాజుతో సరిహద్దు తగాదా పడతాడు. మీ దేవుడు ఇచ్చిన నేల మీరు ఏలుకోండి, మా దేవుడు ఇచ్చింది మేము ఏలుకుంటాం అన్న ధోరణిలోనే ఆయన వాదన సాగుతుంది. 82వ కీర్తనలో దేవుడు దేవతల సభలో నిలబడి వారికి తీర్పు చెబుతాడు. ఈ దశను ఏకేశ్వరవాదం అనలేం. ఇది ఏకారాధన.

ఆ ఏకారాధన కూడా జనంలో అంత కచ్చితంగా లేదు. సీనాయి ఎడారిలో కుంతిల్లెత్ అజ్రుద్ అనే చోట 1975-76లో జరిగిన తవ్వకాల్లో రెండు పెద్ద మట్టి జాడీలు ముక్కలుగా దొరికాయి. అవి క్రీ.పూ. 800 ప్రాంతానివి. వాటి మీద సిరాతో గీసిన బొమ్మలు, రాసిన దీవెనలు ఉన్నాయి. ఒక దీవెన ‘షోమ్రోను యెహోవా, ఆయన అషేరా’ పేరిట ఉంది. అషేరా కనాను దేశపు దేవత. ఈ రాతలో ఆ పేరు దేవతను సూచిస్తుందా, ఆమె గుర్తుగా నిలిపిన కొయ్యనా అన్న వాదం ఇంకా తెగలేదు. యూదా రాజు యోషీయా క్రీ.పూ. 622 ప్రాంతంలో అషేరా ప్రతిమను యెరూషలేము దేవాలయం నుంచి తీయించి, కిద్రోను వాగు దగ్గర కాల్చించాడని రాజుల రెండవ గ్రంథం 23వ అధ్యాయం చెబుతుంది. కాల్చించాడంటే, అంతవరకూ అది గుడిలోనే ఉందన్న మాట.

అసలు మలుపు ఓటమిలో వచ్చింది. క్రీ.పూ. 586లో బబులోను సేనలు యెరూషలేమును పడగొట్టి, దేవాలయాన్ని తగలబెట్టి, జనాన్ని చెరపట్టి తీసుకుపోయాయి. ఆనాటి లెక్కలో రాజ్యం ఓడితే ఆ రాజ్యపు దేవుడూ ఓడినట్టే. చెరలోని యూదులు ఆ లెక్కను ఒప్పుకోలేదు. తమను దండించడానికి తమ దేవుడే బబులోనును పనిముట్టుగా వాడుకున్నాడని నమ్మారు. అలా నమ్మాక ఆయన ఒక్క ఇశ్రాయేలుకే దేవుడు కాలేడు, బబులోనును నడిపించేవాడూ ఆయనే కావాలి. క్రీ.పూ. 539లో పారసీక రాజు కోరెషు బబులోనును గెలిచాడు. యెషయా గ్రంథం 40వ అధ్యాయం నుంచి వినిపించేది ఈ చెర కాలపు గొంతే అని చాలామంది పండితుల అభిప్రాయం. అక్కడ కోరెషు కూడా యెహోవా అభిషేకించినవాడే. వేరే దేవుడు లేనే లేడన్న మాట 45వ అధ్యాయంలో పదేపదే, ఏ శంకకూ తావులేకుండా వస్తుంది. గుడి, రాజు, నేల మూడూ పోయిన జనం ఇంత పెద్ద ఊహ చేయగలగడం మతాల చరిత్రలోనే అబ్బురం.

దేవుడు ఒక్కడే అయ్యాక ఆయన పేరు పలకడానికే యూదులు జంకారు. హీబ్రూ లిపిలో రాసేది ప్రధానంగా హల్లులనే. తెలుగులో గుడి, కొమ్ము, ఏత్వం ఏవీ పెట్టకుండా రాసుకుపోయినట్టు ఉంటుంది. దేవుని పేరులోని హల్లులు నాలుగు: య, హ, వ, హ. అవి కనిపించిన చోట చదివేవారు ‘అదోనాయి’, అంటే ప్రభువు, అని పలికేవారు. తర్వాతి శతాబ్దాల్లో అచ్చుల గుర్తులు పెట్టిన పండితులు ఆ నాలుగు హల్లులకు అదోనాయి అచ్చులనే తగిలించారు, అలా చదవాలని గుర్తుచేయడానికి. రెండూ కలిపి చదివిన యూరప్ వారి నోట పుట్టిన రూపమే ‘యెహోవా’. తెలుగు బైబిలు దాన్నే తీసుకుంది. నరసాపురం నుంచి అమలాపురం దాకా చర్చిల్లో పలికే ఆ పేరులో, పేరు పలకకూడదన్న పాత భక్తి దాగి ఉంది.

యేసు, ఆయన తొలి శిష్యులు యూదులే. దేవుడు ఒక్కడేనన్న ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయపు మాట వారికి ప్రాణం. మరి యేసును ప్రభువని మొక్కడం ఎలా? క్రీ.శ. 55 ప్రాంతంలో కొరింథీయులకు రాసిన మొదటి లేఖ 8వ అధ్యాయంలో పౌలు, తండ్రియైన ఒకే దేవుణ్ణి, ఒకే ప్రభువైన యేసును ఒక్క వాక్యంలో నిలిపాడు. రెండో దేవుణ్ణి చేర్చినట్టు ఆయన తలచలేదు. అయినా ప్రశ్న మిగిలే ఉంది. కుమారుడు తండ్రి చేత సృష్టింపబడినవాడేనని అలెగ్జాండ్రియా బోధకుడు ఏరియస్ వాదించాడు. 325లో నైసియా సభ దాన్ని తోసిపుచ్చి, తండ్రీ కుమారులది ఒకే తత్వమని తీర్మానించింది. 381లో కాన్‌స్టాంటినోపుల్ సభ పరిశుద్ధాత్మ విషయం తేల్చడంతో త్రిత్వ సిద్ధాంతం స్థిరపడింది.

శతాబ్దాల తర్వాత ఈ బోధనే విలియం బౌడెన్, జార్జి బీర్ అనే మిషనరీలు గోదావరి డెల్టాకు తెచ్చారు. 1836లో ఇంగ్లండు నుంచి వచ్చిన వారి కుటుంబాలు నరసాపురం, పాలకొల్లు కేంద్రాలుగా పనిచేశాయి. లూథరన్లు 1845లో రాజమండ్రి చేరారు.

ఆ గోదావరి ఒడ్డునే ఒకే దేవుడన్న మాట మరో దారిలోనూ వచ్చింది. బెంగాల్‌లో రామమోహన్ రాయ్ బైబిలును మూలంలో చదవడానికి హీబ్రూ, గ్రీకు నేర్చుకున్నారు. 1820లో యేసు నీతిబోధలను మాత్రం ఏరి పుస్తకంగా వేశారు. శ్రీరాంపూర్ మిషనరీ మార్ష్‌మన్ తప్పుపట్టగా, త్రిత్వం దేవుని ఏకత్వానికి పొసగదని రాయ్ బదులిచ్చారు. విలియం ఆడం అనే మిషనరీ 1821లో ఆయన పక్షానికే వచ్చేశాడు. ఉపనిషత్తుల పునాది మీద రాయ్ 1828లో బ్రహ్మసభను స్థాపించారు. ఆ బాటలోనే కందుకూరి వీరేశలింగం 1878లో మిత్రులతో కలిసి రాజమండ్రిలో ప్రార్థనా సమాజం పెట్టారు. 1887లో అక్కడ బ్రహ్మమందిరం వెలిసింది. 1919 దాకా కాకినాడ పి.ఆర్. కళాశాల ప్రిన్సిపాల్‌గా ఉన్న రఘుపతి వెంకటరత్నం నాయుడు, పిఠాపురం మహారాజా అండతో ఈ ఏకేశ్వరోపాసనను విద్యార్థుల్లోకి తీసుకువెళ్లారు. ఆ ఉపాసనలో విగ్రహం లేదు, అవతారం లేదు, త్రిత్వమూ లేదు.