కర్నూల్లో ఉండిపోదామా?

ఆదివారం రాత్రి కర్నూలు ఆర్టీసీ బస్టాండుకు పోతే ఊరి సంగతి సగం అక్కడే తెలిసిపోతుంది. హైదరాబాద్, బెంగళూరు బస్సులు ఆగే చోట అందరూ పాతికేళ్ల పిల్లలే. భుజాన ల్యాప్‌టాప్ బ్యాగు, చేతిలో ఇంటి నుంచి కట్టిచ్చిన శెనక్కాయ పొడి, ఊరగాయ డబ్బా. సాగనంపడానికి వచ్చిన నాన్న స్కూటర్ దిగకుండానే ‘చేరినాక ఫోన్ చెయ్ రా’ అంటాడు. శుక్రవారం రాత్రి వచ్చినవాళ్లే వీళ్లంతా. వాళ్లు వెళ్లిపోయాక సోమవారం ఊళ్లో మిగిలేది బడి పిల్లలు, పెద్దవాళ్లు, ప్రభుత్వోద్యోగులు, వ్యాపారస్తులు, డాక్టర్లు.

2011 లెక్కల ప్రకారం కర్నూలు నగరంలో 4.3 లక్షల మంది ఉన్నారు. ఈ పద్నాలుగు, పదిహేనేళ్లలో ఇంకా పెరిగారు. హైదరాబాద్ సుమారు 210 కిలోమీటర్లు, బెంగళూరు 360. 44వ నంబరు జాతీయ రహదారి ఊరిని ఒరుసుకునే పోతుంది. ఇలాంటి ఊరిని మారుమూల అంటే కర్నూలువాళ్లకు కోపం రావచ్చు. కానీ సచివాలయంలో ఫైలు కదిలించాలన్నా, హైకోర్టులో కేసు వేయాలన్నా విజయవాడ వైపు రాత్రంతా ప్రయాణం చేయాలి. రైలు కోసం నంద్యాలకో డోన్‌కో పోయి ఎక్కేవాళ్లు చాలామంది. పొరుగు రాష్ట్రాల రాజధానులు పగటిపూట చేరిపోయేంత దగ్గర, సొంత రాజధానికి మాత్రం ఒక రాత్రి నిద్ర చెడాలి.

ఇక్కడి బతుకులో సుఖం లేదని కాదు. రాజ్‌విహార్ సెంటర్ నుంచి సి క్యాంపు దాకా ఎంత రద్దీ ఉన్నా పదిహేను నిమిషాల దారి. మధ్యాహ్నం ఇంటికొచ్చి అన్నం తిని, కాసేపు నడుం వాల్చి మళ్లీ కాలేజీకి పోయే లెక్చరర్లు ఇంకా ఉన్నారు. పొద్దున బండి దగ్గర ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. బడి వదిలితే పిల్లల్ని తాత తీసుకొస్తాడు, ఆయాకు డబ్బు కట్టే పని లేదు. హైదరాబాద్‌లో అద్దెకు పోయే సొమ్ముతో ఇక్కడ అద్దె, పిల్లల ఫీజు రెండూ గడిచిపోయే ఇళ్లు కొల్లలు. జ్వరమొస్తే ఎదురింటి పిన్నమ్మ రసం పంపిస్తుంది. జీతం ఎంతో, సంబంధం ఎందుకు తప్పిపోయిందో కూడా ఆ పిన్నమ్మే అడుగుతుంది. ఒకటి కావాలంటే రెండోదీ భరించాలి.

అయితే ఇవన్నీ ఉద్యోగం ఉన్నవాడి సుఖాలు.

ఒక ఊరు ఎదిగిందా లేదా అని చూడడానికి నేను జనాభా చూడను, మాల్స్ లెక్కపెట్టను. మేనేజరుతో గొడవపడి సోమవారం రాజీనామా పడేస్తే, ఇల్లు మారకుండా ఇంకో ఉద్యోగం దొరుకుతుందా అని చూస్తాను. కర్నూల్లో టీచరుకు దొరుకుతుంది. నర్సుకు, ల్యాబ్ టెక్నీషియన్‌కు, మందుల షాపులో పనిచేసే ఫార్మసిస్టుకు దొరుకుతుంది. సాఫ్ట్‌వేర్ మనిషికి, డిజైనరుకు, కెమికల్ ఇంజనీరుకు దొరకదు. దొరకదన్న సంగతి ఉద్యోగికెంత తెలుసో యజమానికీ అంతే తెలుసు. అందుకే జీతం ఎక్కడ మొదలైందో అక్కడక్కడే తిరుగుతుంది. ఇక భార్యాభర్తలిద్దరూ చదువుకున్నవాళ్లైతే చిక్కు రెండింతలు. ఒకరికి ఇక్కడ ఉద్యోగం ఉంటే ఇంకొకరిది హైదరాబాద్‌లో ఉంటుంది. ఎవరు మానుకోవాలన్న ప్రశ్న వచ్చినప్పుడు మానుకునేది ఎక్కువగా ఆవిడే. ఇలాంటి ఊళ్ల గురించి రాసేవాళ్లు ఆ సంగతి ఎందుకో ఎత్తరు.

కరోనా రోజుల్లో ఈ లెక్క తారుమారైనట్టే కనిపించింది. కంపెనీలు ఇంటి నుంచే పని చెయ్యమన్నాయి. పిల్లలు మేడ మీద గదిలో ఫ్యాన్ కింద కూర్చుని అమెరికా క్లయింట్లతో మాట్లాడారు. బ్రాడ్‌బ్యాండ్ వేసేవాళ్లకు క్షణం తీరిక లేకపోయింది. తర్వాత ఆఫీసులు వెనక్కి పిలిచాయి, ఆదివారం రాత్రి బస్సులు మళ్లీ నిండాయి.

ఆశపడడం కర్నూలుకు కొత్త కాదు. రాజధాని, హైకోర్టుల్లో ఒకటి రాయలసీమకు రావాలని 1937లో శ్రీబాగ్ ఒప్పందం రాసుకున్నారు. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. టంగుటూరి ప్రకాశం పంతులు ముఖ్యమంత్రి, కర్నూలు రాజధాని. చాలినన్ని భవనాలు లేక ఆఫీసులు గుడారాల్లో నడిచాయి. ఇప్పటికీ జనం నోట్లో ఉన్న ఎ, బి, సి క్యాంపులు ఆ రోజుల గుర్తులే. 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ అవతరించింది, రాజధాని హైదరాబాద్‌కు తరలిపోయింది. మళ్లీ 2019 డిసెంబర్‌లో మూడు రాజధానుల మాట వచ్చింది, కర్నూలుకు హైకోర్టు అన్నారు. 2020లో చట్టమైంది, 2021 నవంబర్‌లో ఆ చట్టాన్నే వెనక్కి తీసుకున్నారు. ఇలాంటి ప్రకటనకు ముందుగా కదిలేది ప్లాట్ల బ్రోకర్లు. ప్రకటన మురిగిపోయాక మిగిలేది రాళ్లు పాతిన చేలు, వాటిలో మొలిచిన కంపచెట్లు.

మరి ఈ ఊరికి నిజంగా అన్నం పెట్టినదేది? నన్నడిగితే, రాజధాని పోయిన మరుసటి ఏడాది, 1957లో మొదలైన మెడికల్ కాలేజీ. ఆ కాలేజీ పెద్దాసుపత్రి గేటు బయట పొద్దున్నే ఒక గంట నిలబడి చూడండి. గద్వాల, అలంపూర్, రాయచూరు వైపుల నుంచి వచ్చిన రోగులు, వాళ్లను పట్టుకుని నడిపిస్తున్న బంధువులు. తెలుగు, కన్నడం, ఉర్దూ ఒకదాంట్లో ఒకటి కలిసి వినిపిస్తుంటాయి. ప్లాస్టిక్ బకెట్లు, చాపలు, ఫ్లాస్కులు అమ్మే బండ్లు. ఇడ్లీ మెస్సులు, రోజు అద్దెకు గదులు, స్కానింగ్ సెంటర్లు, అంబులెన్సులు, ఆటోలు. కాలేజీలో చదివిన డాక్టర్లు కొందరు ఇక్కడే స్థిరపడ్డారు. సొంత ఆసుపత్రులు పెట్టారు. గాయత్రీ ఎస్టేట్ లాంటి చోట్ల ఎటు చూసినా నర్సింగ్ హోం బోర్డులే. వాటికి నర్సులు కావాలి, ఆ నర్సులకు కాలేజీలు కావాలి. ఒక డాక్టరు చెప్పింది నచ్చకపోతే ఇంకొకర్ని అడగవచ్చు. ఆ సౌకర్యం లేని ఊళ్లో వయసు మళ్లినవాళ్లు ఉండలేరు. ఇక్కడ లొంగని జబ్బుకు హైదరాబాద్ అంబులెన్సే గతి అన్నది వేరే సంగతి, కానీ అంతదూరం పోవాల్సిన అవసరం ముందటి తరానికన్నా తగ్గింది.

మెడికల్ కాలేజీకి పూర్తిగా విరుద్ధం సోలార్ పార్కు. ఓర్వకల్లు వైపు గని, శకునాల గ్రామాల దగ్గర దాదాపు ఆరు వేల ఎకరాల్లో 1,000 మెగావాట్ల పార్కు 2017లో మొదలైంది. అప్పట్లో ఒకేచోట కట్టిన సోలార్ పార్కుల్లో ప్రపంచంలోనే పెద్దదని చెప్పుకున్నారు. కడుతున్నన్నాళ్లు కూలీలకు, లారీలకు చేతినిండా పని. కట్టడం అయిపోయాక పలకలు తుడిచేవాళ్లు, గడ్డి కోసేవాళ్లు, కాపలాదారులు, కొద్దిమంది ఇంజనీర్లు చాలు. కరెంటు తీగల మీద వెళ్లిపోతుంది. రాష్ట్రానికి లాభమే, కర్నూలు కుర్రాడికి మాత్రం ఉద్యోగం కాలేదు. జగన్నాథగట్టు మీది ట్రిపుల్ ఐటీ డీఎం సంగతీ ఒక రకంగా ఇదే. 2015లో వచ్చిన జాతీయ స్థాయి సంస్థ. దేశం నలుమూలల నుంచి పిల్లలొస్తారు, చదువుకుంటారు. క్యాంపస్ ఇంటర్వ్యూలు కాగానే గట్టు దిగి నేరుగా బెంగళూరుకు పోతారు.

విమానాశ్రయం వచ్చింది, మంచిదే. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టి 2021 మార్చిలో ఓర్వకల్లులో తెరిచారు. బెంగళూరు, విశాఖ, చెన్నైలకు చిన్న విమానాలు మొదలయ్యాయి. విజయవాడకు మాత్రం 2025 జూలై దాకా ఆగాల్సి వచ్చింది, అదీ వారానికి మూడు రోజులే. మంగళవారం పని పడినవాడికి మళ్లీ రాత్రి బస్సే. నా మటుకు నాకు 2023లో వచ్చిన కాచిగూడ – యశ్వంతపూర్ వందేభారత్ ఎక్కువ పనికొచ్చిందనిపిస్తుంది.

నీళ్ల సంగతి చెప్పకుండా కర్నూలు గురించి రాయకూడదు. తుంగభద్ర, హంద్రీ కలిసే చోట కట్టుకున్న ఊరు. ఎండాకాలం 43, 44 డిగ్రీల్లో కుళాయి ఎప్పుడొస్తుందా అని బిందెలు వరసలో పెట్టుకుంటుంది. పైన హోస్పేటలో ఏమైనా ఇక్కడ గుబులే. 2024 ఆగస్టులో తుంగభద్ర డ్యాం 19వ గేటు కొట్టుకుపోయిన రాత్రి ఒడ్డున ఉన్న ఊళ్లన్నీ మేలుకునే ఉన్నాయి. ఎందుకంటే 2009 అక్టోబర్ 2 ఎవరూ మరిచిపోలేదు. ఆ రోజు నదులు రెండూ పొంగి పాతబస్తీని ముంచేశాయి, జనం మిద్దెల మీద రాత్రులు గడిపారు. చవగ్గా వస్తోందని హంద్రీ పక్కన ఇల్లు కొనబోయేవాళ్లు పాతవాళ్లను ఒక్క మాట అడిగి కొనడం మంచిది. గోడ మీద నీళ్లు ఎంతవరకు వచ్చాయో చేత్తో చూపిస్తారు.

అన్నిటికన్నా నన్ను తొలిచేది ఇంకొకటి. ఏటా ఖరీఫ్ పంట అయిపోగానే ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలు మూటాముల్లె కట్టుకుని గుంటూరు మిరప చేలకు పోతాయి. పిల్లల బడి మధ్యలో ఆగిపోతుంది. వంద కిలోమీటర్ల లోపు నాలుగు లక్షల పైచిలుకు జనమున్న జిల్లా కేంద్రం ఉంది. వాళ్లు దాన్ని దాటుకుని ఎక్కడో కోస్తాకు పోతున్నారు. కర్నూలు ఎదుగుదలను కొలవాలంటే ఈ వలస లారీలనూ లెక్కలోకి తీసుకోవాలి.

ఇప్పుడు మళ్లీ ఆశల కాలం. 2024 ఆగస్టులో కేంద్రం ఆమోదించిన 12 పారిశ్రామిక నగరాల్లో ఓర్వకల్లు ఒకటి. డ్రోన్ సిటీ అంటున్నారు. 2024 నవంబర్‌లో హైకోర్టు బెంచి కర్నూల్లో పెట్టాలని శాసనసభ తీర్మానం చేసింది. నాకు ఈ రెండింటిలో బెంచి మీదే గురి ఎక్కువ. అది వస్తే ఆలూరు రైతు భూమి తగాదా కోసం రాత్రి బస్సెక్కే పని తప్పుతుంది. జూనియర్ లాయర్లు, గుమస్తాలు, టైపిస్టులు, జిరాక్సు షాపులు, మెస్సులు అన్నీ దాని చుట్టూ చేరతాయి. పెద్దాసుపత్రి గేటు బయట జరిగింది కోర్టు గేటు బయటా జరుగుతుంది. ఓర్వకల్లుకు వచ్చే ఫ్యాక్టరీల సంగతికొస్తే, పెట్టుబడి ఎన్ని వేల కోట్లన్నది తర్వాత అడగవచ్చు. షిఫ్టు దిగాక కంపెనీ బస్సులు కర్నూల్లో ఎందరిని దించుతాయో, వాళ్లలో డిప్లొమా చేసిన కోడుమూరు, పత్తికొండ పిల్లలు ఎందరో ముందు తేలాలి.

అంతవరకు, ఉండిపోదామా అని నర్సింగ్ చదివిన అమ్మాయి అడిగితే ఉండమనే అంటాను. రిటైరైన మాస్టారు అడిగితే నదికి దూరంగా ఇల్లు చూసుకోమంటాను. కంప్యూటర్ సైన్స్ కుర్రాడికి మాత్రం ఇప్పటికి బస్సెక్కమనే చెప్పాల్సి వస్తుంది. కొత్తగా పెళ్లైన జంట వస్తే, ముందు ఇద్దరి ఉద్యోగాలూ ఏమిటో చెప్పమంటాను.