సంఖ్య యొకటియే, ఊరు వేఱు

సర్వే నంబర్లు ప్రతి గ్రామమునను ఒకటి నుండియే యారంభమగునని మీ రెఱుగుదురు. మా జన్వాడలోని 1వ నంబరు వేఱు, పొరుగూరి 1వ నంబరు వేఱు. ఊరి పేరు చెప్పక నంబరు మాత్రము చెప్పినచో భూమిని గుర్తింపజాలము. ఈ సంగతిని మనసున నుంచుకొన్నచో నేటి నా ప్రసంగము సులభముగ బోధపడగలదు.

కంప్యూటరును నడపు మూలవ్యవస్థలలో లినక్స్ ఒకటి. 1991లో ఫిన్లాండు దేశపు విద్యార్థియగు లీనస్ టోర్వాల్డ్స్ దీనిని ప్రకటించెను. ఇది మనుష్యులను పేరుచే గాక సంఖ్యచే గుర్తించును. సున్న సంఖ్య గలవాడు సర్వాధికారి. సామాన్యులకు తఱచుగా 1000 మొదలు సంఖ్యల నిత్తురు.

ఒకే యంత్రములో గోడలు కట్టి వేఱు కాపురముల నేర్పఱుపవచ్చును. అట్టి కాపురమునకు కంటెయినరని పేరు. దానిలోపల నొక సర్వాధికారి కావలెను. కాని యతడే వెలుపలను సర్వాధికారి యైనచో, గోడకు కన్నము పడిననాడు ఇల్లంతయు దొంగపాలగును. అందులకై 2013లో వెలువడిన లినక్స్ 3.8తో ఒక యేర్పాటు సిద్ధించెను. లోపలి సున్న వెలుపల 100000గాను, లోపలి 1000 వెలుపల 101000గాను లెక్కింపబడును. లోపల దొర, వెలుపల సామాన్యుడు! ఎవనికే సంఖ్యలు చెల్లునో ఒక పట్టీలో వ్రాసియుండును. మామూలుగ 100000 మొదలు 65536 సంఖ్యలు. పట్టీలో లేని సంఖ్యను కోరినచో నిరాకరణమే.

ఇక నా యనుభవము. మా కుటుంబపు పాత పహాణీల ఛాయాప్రతులను కంప్యూటరులో నొక ఫోల్డరునందుంచి, దానిని కంటెయినరు లోనికి జూపితిని. చదువుట సాగెను, వ్రాయబోగా అనుమతి లేదనెను. ఫోల్డరు వెలుపలి 1000వ వానిది, అనగా నాది. లోపలి ప్రోగ్రామును 1000వ సంఖ్యతోనే నడచుచుండెను. అయినను లోపలినుండి చూడగా యజమాని స్థానమున 65534 కనబడెను. అది అనామకుని సంఖ్య. వెలుపలి 1000 పట్టీలో లేదు గనుక, ఆ కాపురమునకు నేను పరాయినైతిని. సంఖ్య యొకటియే, ఊరు వేఱు!

విసిగి, ఫోల్డరును సర్వులకును తెఱచి పెట్టుదునా, కంటెయినరునకు వెలుపలి సర్వాధికారమే యిత్తునా యని తలచితిని. మొదటిదానివలన కాగితములకు, రెండవదానివలన ఇంటికే కావలి తప్పును. సరియైన మార్గములు మూడు గలవు. ఫోల్డరును 101000 పేర మార్చుట యొకటి. పట్టీలో 1000 అను నొక్క సంఖ్యకే సెలవు వ్రాయించి, దానిని లోపల వెలుపల నొకటిగ నుంచుట రెండవది. 2021 నాటి లినక్స్ 5.12 మొదలు, ఫోల్డరును లోనికి జూపునపుడే సంఖ్యలను మార్చి చూపుట మూడవది. నేను మొదటి మార్గము ననుసరించి, వెలుపల నాకు చదువుటకు మాత్రము సెలవుంచుకొంటిని.

కావున యంత్రము కాదన్నప్పుడు గట్టు తెంపరాదు. పట్టీ సరిచూచి, హక్కు ఎంతవఱకో అంతవఱకే వ్రాయించవలెను. గట్టు విలువ సేద్యము చేసిన మీకు నేను చెప్పవలసినది కాదు.