మీకు తెలుసా? మనం వదిలేసే గాలి గుట్టు!

ఒక్కసారి ఊపిరి బిగబట్టండి. 30 సెకన్లు గడవగానే ఛాతీలో గిలగిల మొదలవుతుంది కదా! ఆక్సిజన్ అయిపోయింది కాబోలు అనుకుంటాం. కానే కాదు! ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోతోందని మెదడు పెట్టే కేక అది! చిన్నప్పుడు పుస్తకాల్లో చదివిన బొగ్గుపులుసు వాయువే!

చుట్టూ ఉన్న గాలిలో అది 0.04 శాతమే. మనం వదిలే ఊపిరిలోనో? దాదాపు వంద రెట్లు!

మరి బయటికి పోకపోతే? ధమనుల రక్తంలో దాని పీడనం 45 మిల్లీమీటర్ల పాదరస మట్టం దాటితే ఎక్కువైనట్టే! తలనొప్పి, మగత. బాగా ముదిరితే అరచేతులు ‘ఆగు’ అన్నట్టు చాపి పట్టుకోలేరు. పక్షి రెక్కల్లా టపటపా వాలిపోతాయి! ఇంకా పెరిగితే స్పృహే ఉండదు. చూశారా, కేక పెట్టించిన వాయువే నిద్రపుచ్చేస్తుంది! ఊపిరితిత్తులు దెబ్బతిన్న పెద్దాయన పగలంతా తూగుతుంటే ‘వయసు కదా’ అని వదిలేయకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి!

అంతరిక్షంలోనూ ఇదే గండం! 1970 ఏప్రిల్‌లో చంద్రుడి వైపు వెళ్తున్న అపోలో 13 నౌక దెబ్బతింది. అందులోని ముగ్గురు వ్యోమగాములూ చంద్రుడి మీద దిగాల్సిన చిన్న నౌకలో తలదాచుకున్నారు. అందులో ఆక్సిజన్ ఉంది! కానీ వాళ్లు వదిలిన ఊపిరే వాళ్లను చంపబోయింది! పెద్ద నౌకలోని గాలిని శుభ్రం చేసే డబ్బాలేమో చతురస్రం, చిన్న నౌకలో వాటిని బిగించాల్సిన చోటేమో గుండ్రం! ప్లాస్టిక్ సంచులు, అట్టలు, టేపు కలిపి అతికించారు. బతికి బయటపడ్డారు!

భూమి మీదా ఈ గండం తప్పలేదు! కామెరూన్‌లో న్యోస్ అనే సరస్సు ఉంది. 1986 ఆగస్టు 21 రాత్రి దాని అడుగున దాగిన ఈ వాయువు ఒక్కసారిగా ఎగదన్నింది. మంట లేదు, లావా లేదు! లోయల వెంట వరద నీరులా పారింది. 1,700 మందికి పైగా చనిపోయారు. చాలామంది నిద్రలోనే! పశువులూ పడిన చోటే పడి ఉన్నాయి.

పారడమేమిటంటారా? ఇది గాలికన్నా ఒకటిన్నర రెట్లు బరువు! అందుకే పాడుబడ్డ బావి అడుగున కదలకుండా కూర్చుంటుంది. పూడిక తీయడానికి దిగినవాడు కుప్పకూలితే, కాపాడబోయి ఇంకొకడు! పెద్దవాళ్లు ముందుగా వెలిగించిన లాంతరు తాడుకట్టి దింపేవారు. ఆరిపోయిందా, దిగకూడదు! వెలుగుతోందా? అప్పుడూ నమ్మకండి! దీపం ఆరనంత తక్కువ మోతాదు కూడా మనిషిని పడగొట్టగలదు!