టాప్ లేని కారు.. టాప్ లేచిపోయే ధర!

పాత ఓపెన్ టాప్ కార్లకు అమ్మేవాళ్లు లక్షలు చెబుతున్నారు. అరుదైనవైతే కోట్లే. అడిగినంతా పెట్టొచ్చా? సుబేదారి బరాత్‌ల నుంచి అమెరికా వేలంపాటల దాకా ఆరా తీస్తే...

ముహూర్తాలు మొదలయ్యాయంటే హన్మకొండలో రాత్రిపూట బండి నడపడం ఓ పరీక్షే. అదాలత్ సెంటర్ దాటి సుబేదారి వైపు తిరిగితే ఒక బరాత్, హంటర్ రోడ్డు ఫంక్షన్ హాళ్ల దగ్గర మరో రెండు. డీజే బండి, దాని వెనక చిందులేసే కుర్రాళ్లు, వాళ్ల వెనక పూలదండలు చుట్టిన ఓపెన్ టాప్ కారు. సీటు మీద కాకుండా సీటు వీపు మీద కూర్చున్న పెళ్లికొడుకు. జనం ముందు ఫొటో తీసేది కారుకు, తర్వాతే పెళ్లికొడుక్కి!

ఆ మోజే ఇప్పుడు బజారు పెంచుతోంది. 'మా తాతగారి కారండీ, దేశం మొత్తంలో ఇలాంటిది రెండో మూడో ఉంటాయి, బరాత్‌లకు తిప్పినా పెట్టింది వచ్చేస్తుంది' అంటూ బేరం మొదలవుతుంది. వినడానికి బాగుంటుంది. అయితే ఈ మూడు మాటలకూ విడివిడిగా రుజువు కావాలి. తాతగారిదేనని చెప్పే కాగితం ఏది? అరుదంటే ఎంత అరుదు? బరాత్‌లకు తిప్పనిస్తారా?

కప్పుంటేనే ఖరీదు!

నిజాం పాలనలో వరంగల్ సుబాకు పెద్ద సుబేదారు. హన్మకొండలో ఆయన బంగళా ఉన్న చోటు కాబట్టే ఆ ప్రాంతం సుబేదారి అయింది. తర్వాత కలెక్టర్ నివాసంగా మారిన ఆ బంగళాకు పునాదిరాయి పడింది 1886లో. అదే ఏడాది జర్మనీలో కార్ల్ బెంజ్ తన మూడు చక్రాల మోటారు బండికి పేటెంటు తీసుకున్నాడు. ఆ బండికి కప్పు లేదు. ఆ తర్వాత మూడు దశాబ్దాల పాటు వచ్చిన కార్లలో ఎక్కువ భాగానికి గుడ్డ టాపే దిక్కు. నాలుగు వైపులా మూసిన బాడీ కావాలంటే అదనంగా డబ్బు పెట్టాలి. గాలీ దుమ్మూ వానా తగలని కారు అప్పట్లో గొప్పవాళ్ల సొత్తు.

1920ల్లో ఉక్కు రేకు బాడీలు చవకయ్యాయి. మూసిన కారు మామూలైపోయింది, తెరిచిన కారు సరదాగా మిగిలింది. సరదా కాబట్టి తక్కువ మంది కొన్నారు. తక్కువ మంది కొన్నారు కాబట్టి కంపెనీలు తక్కువే తయారుచేశాయి. వానకు తడిసి, ఎండకు ఎండి వాటిలోనూ చాలా పోయాయి. ఇవాళ్టి ధరకు మూలం అక్కడుంది.

ఫెరారీ 275 జీటీబీ/4నే తీసుకోండి. 1960ల చివర్లో వచ్చిన ఈ మోడల్‌లో కప్పున్న కార్లు మూడొందలకు పైగా తయారయ్యాయి. అమెరికా డీలర్ పట్టుబట్టి అడిగితే కప్పు లేనివి పదంటే పదే చేశారు. వాటికి 'నార్ట్ స్పైడర్' అని పేరు. 2013 ఆగస్టులో కాలిఫోర్నియాలోని మాంటెరేలో జరిగిన వేలంలో వాటిలో ఒకటి 2.75 కోట్ల డాలర్లు పలికింది. అప్పటి మారకం లెక్కన దాదాపు 170 కోట్ల రూపాయలు. ఇంజిన్ దాదాపు అదే, చక్రాలు అవే. తేడా టాపు దగ్గర, తయారైన సంఖ్య దగ్గర. ఇంకొకటి కూడా ఉంది: ఆ కారు కొత్తగా కొన్న రోజు నుంచి వేలం దాకా ఒకే కుటుంబం దగ్గర ఉంది. ఎవరు కొన్నారు, ఎప్పుడు కొన్నారు అన్నదాంట్లో ఎవరికీ అనుమానం లేదు.

నిజాం గారి సింహాసనం కారు

చరిత్ర కారుకు విలువ ఎలా తెస్తుందో చూడ్డానికి కాలిఫోర్నియా దాకా పోనక్కర్లేదు. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ దాన్ని ఆర్డరిచ్చారు. కారు చేతికి రాకముందే 1911 ఆగస్టులో ఆయన కన్నుమూశారు. దాంతో అది ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్‌కు చేరింది. ఆ రోజుల్లో రోల్స్ రాయిస్ కంపెనీ చాసిస్, ఇంజిన్ ఇచ్చేది. బాడీ కట్టేది వేరేవాళ్లు. దీనికి కట్టింది లండన్‌లోని బార్కర్ సంస్థ. వెనక సీటు ఉండాల్సిన చోట సింహాసనం అమర్చారు. దర్బారు వేడుకలకు తప్ప బయటికి తీయలేదు. అందుకే దశాబ్దాలు గడిచినా అది తిరిగింది కొన్ని వందల మైళ్లే.

సిల్వర్ ఘోస్ట్‌లు మొత్తం దాదాపు ఎనిమిది వేలు తయారయ్యాయి. ఆ లెక్కన అది అంత అరుదైన మోడలేమీ కాదు. ఈ ఒక్క కారుకు విలువ తెచ్చింది ఎవరి కోసం కట్టారు, ఎవరు కట్టారు, ఎంత తిరిగింది, మధ్యలో ఎవరి చేతులు మారింది అన్న వరస. ఆ వరసలో ఎక్కడా ఖాళీ లేదు.

ఎన్టీఆర్ చైతన్య రథం సంగతీ అంతే. తూకానికేస్తే అది పాత షెవర్లే వ్యాను. టాపు మీదికెక్కి మాట్లాడేందుకు వీలుగా మార్చారు. కానీ ఏబీఆర్ 7242 అన్న నంబరు చెబితే 1982-83 నాటి తెలుగు నేల మొత్తం గుర్తుకొస్తుంది. దానికి ధర కట్టేవాడు ఇనుముకు కట్టడు. మరో పాత షెవర్లే వ్యానుకు అదే ధర అడిగితే మాత్రం నవ్వుతారు.

'ఇదే ఆఖరిది' అంటే నమ్మొద్దు

అరుదన్న మాట మీద అమెరికావాళ్లు ఒకసారి గట్టిగా దెబ్బతిన్నారు. 1970ల్లో అక్కడ కార్లలో ఏసీలు వచ్చేశాయి, భద్రతా నిబంధనలు బిగుసుకుంటాయన్న భయం పట్టుకుంది. కంపెనీలన్నీ కన్వర్టిబుళ్లు మానేశాయి. 1976లో క్యాడిలాక్ తన ఎల్డొరాడోను అమెరికాలో తయారయ్యే ఆఖరి కన్వర్టిబుల్‌గా ప్రచారం చేసింది. ఆ ఏడాది 14 వేలు తయారయ్యాయి. చివరి 200 కార్లకు ఒకేలా తెల్ల రంగు వేశారు. రేపు బంగారమవుతుందని జనం ఎగబడ్డారు. కంపెనీ ధర సుమారు 11 వేల డాలర్లయితే దాని మీద వేలకు వేలు ఎక్కువిచ్చి కొని షెడ్లలో దాచుకున్నారు.

ఎనిమిదేళ్లు గడిచాయి. 1984 మోడల్‌తో క్యాడిలాక్ మళ్లీ ఎల్డొరాడో కన్వర్టిబుల్‌ను అమ్మకానికి పెట్టింది! దాచుకున్నవాళ్లు మోసపోయామని కోర్టుకెక్కినా ఫలితం దక్కలేదు. వాళ్లు కొన్నది మంచి కారే. కానీ 14 వేల మంది దగ్గర ఉన్నది అరుదైన వస్తువు ఎలా అవుతుంది?

చెప్పే ధరకూ తెగే ధరకూ మధ్య ఎంత దూరముంటుందో అమెరికా కంపెనీ ప్లిమత్ చేసిన 'హెమీ కుడా' కారు కూడా చూపించింది. హెమీ ఇంజిన్‌తో 1971లో తయారైన కన్వర్టిబుళ్లు 11. వాటిలో ఒకటి 2014లో సియాటిల్ వేలంలో 35 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. 2021లో అలాంటిదే మరొకటి వేలానికొచ్చింది. పాట 48 లక్షల డాలర్ల దాకా పోయింది. అమ్మేవాళ్లకు అదీ చాలలేదు. కారు అమ్ముడు కాకుండానే వెనక్కి మళ్లింది. అమ్మేవాడి నోట్లో ఉన్నంతవరకూ అది కోరిక. రెండోవాడు చెక్కు రాసిచ్చినప్పుడే ధర.

మన దగ్గర టాపు కోసేస్తారు

ఇక మన ఊరి బజారుకొద్దాం. మనకు దొరికే ఓపెన్ టాప్‌లలో కంపెనీ నుంచి అలా వచ్చినవి బహు తక్కువ. ఎక్కువ భాగం తర్వాత టాపు కోసినవే. మద్రాసులోని స్టాండర్డ్ కంపెనీ 1961 నుంచి చేసిన హెరాల్డ్ కారు ఇందుకు బాగా అనువైంది. దానికి చాసిస్ వేరు, బాడీ వేరు. టాపు బోల్టులతో బిగించి ఉంటుంది. విప్పితే ఊడొస్తుంది. కాబట్టి ఓపెన్ హెరాల్డ్ కనపడగానే అది కన్వర్టిబుల్‌గా పుట్టిందా, నడిమధ్యలో అయిందా అని అడగాలి.

అంబాసిడర్లు, ఫియట్లు అలా కావు. వాటిలో టాపు, పిల్లర్లు, ఫ్లోరు అన్నీ కలిసే బలం. పైన కోసేస్తే నడుము విరిగినట్టే. బాడీ మధ్యలో కిందికి దిగుతుంది. కనిపెట్టడం పెద్ద కష్టమేమీ కాదు. డోరు పక్కన సందు పైన ఎంత ఉందో కింద అంతే ఉందా చూడండి. జాకీ వేసి ఒక పక్క లేపి డోరు తీసి వేయండి. పట్టేస్తే బాడీ వంగుతోందని అర్థం. ఫ్లోరు అంచుల వెంట చిన్న అయస్కాంతం పెట్టుకుంటూ పోండి. అంటుకోని చోట రేకు లేదు, రంగు కింద పుట్టీ ఉంది. గుడ్డ టాపు ఎత్తి దాని ఇనుప కమ్మీలు చూడండి. ఫ్యాక్టరీవైతే మడత సాఫీగా పడుతుంది. లోకల్‌గా వెల్డింగ్ చేసినవి ఎక్కడో ఒకచోట పట్టేస్తాయి.

పాత జీపులది మరో కథ. రెండో ప్రపంచ యుద్ధంలో విల్లిస్, ఫోర్డ్ కలిసి ఆరు లక్షలకు పైగా జీపులు చేశాయి. తర్వాత మహీంద్రా ఇక్కడే వాటిని తయారుచేసింది. హర్యానాలోని మండీ దబ్వాలీ పాత భాగాలు, కొత్త రేకులు కలిపి ఓపెన్ జీపులు కట్టి దేశమంతా పంపడంలో పేరు పడింది. సరదాగా తిరగడానికి ఏ లోటూ లేదు. '1944 నాటి ఒరిజినల్' అంటూ రేటు చెప్పినప్పుడే పేచీ.

తాళాలతో పాటు చట్టమూ వస్తుంది

వాహనానికి కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఆర్సీలోని వివరాలతో తేడా వచ్చేలా మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. అనుమతి లేకుండా టాపు కోసిన కారు ఎంత అందంగా ఉన్నా కాగితం మీద చిక్కుల బండే.

2021 జులైలో కేంద్రం పాత బండ్లకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన సొంత కార్లు, టూవీలర్లను 'వింటేజ్'గా నమోదు చేయించుకోవచ్చు. ఫీజు 20 వేలు, పదేళ్లకు చెల్లుతుంది. ఆ తర్వాత మళ్లీ చేయించడానికి 5 వేలు. నంబరులో రాష్ట్రం కోడ్ పక్కన 'వీఏ' అక్షరాలు వస్తాయి. షరతు ఒకటే: చాసిస్, బాడీ షెల్, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. అంటే టాపు కోసినదానికి ఈ గౌరవం దక్కడం కష్టం.

అసలు మెలిక ఇక్కడుంది. వీఏ నంబరు బండిని రోజువారీగా నడపకూడదు, వ్యాపారానికి వాడకూడదు. ప్రదర్శనలు, ర్యాలీలు, పరిశోధన, పెట్రోలు, మరమ్మతు... ఇలాంటి పనులకే రోడ్డెక్కాలి. బరాత్ కిరాయి ఇందులో లేదు. పోనీ మామూలు సొంత కారుగా ఉంచుకుని కిరాయికి తిప్పుదామంటే పర్మిట్ లేకుండా అదీ కుదరదు. 'బరాత్‌లకు తిప్పితే వచ్చేస్తుంది' అన్న లెక్క చట్టం ముందు నిలవదు.

దిగుమతి సంగతీ మారింది. ఒకప్పుడు 1950కి ముందు తయారైన కార్లకే ఉన్న వెసులుబాటును 2025లో 50 ఏళ్లు దాటినవాటికి పెంచారు. సుంకాల భారం తగ్గలేదు కానీ దారి తెరుచుకుంది. కాబట్టి 'దేశంలో రెండో మూడో' అన్న మాట మీద ధర కడితే అది ఎన్నాళ్లు నిలుస్తుందో ఆలోచించుకోవాలి.

కొన్న తర్వాత ఖర్చు

వరంగల్ ఎండ గుడ్డ టాపును, సీటు తోలును, డోరు రబ్బర్లను ఏటేటా తినేస్తుంది. వానాకాలంలో కుట్ల గుండా నీరు దిగి ఫ్లోరు మ్యాటు కింద నిలుస్తుంది. తుప్పు అక్కడ మొదలవుతుంది, పైకి కనపడేసరికి ఆలస్యమవుతుంది. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటోంది. అది పాతకాలపు రబ్బరు పైపులను, కార్బ్యురేటర్ వాషర్లను పాడుచేస్తుంది. వాటన్నిటినీ మార్పించుకోవాలి. పార్టులు దొరక్కపోతే చేయించుకోవాలి. పాత కార్బ్యురేటర్‌ను చెవితో విని సరిచేసే మేస్త్రీ దొరకాలి. వీటన్నిటికీ ఏటా ఎంతవుతుందో ముందే రాసుకుని, కొనే ధర పక్కన పెట్టి చూసుకోండి.

మరి ఆ ధర పెట్టొచ్చా?

మూడు ఉంటే పెట్టొచ్చు. ఒకటి, అది కన్వర్టిబుల్‌గానే ఫ్యాక్టరీ నుంచి వచ్చిందని చాసిస్ నంబరు, పాత కాగితాలు చెప్పాలి. రెండు, చేతులు మారిన వరసలో ఖాళీలు ఉండకూడదు. మూడు, ఆ డబ్బు తిరిగి రాకపోయినా మీ ఇల్లు గడవాలి. మూడూ కుదిరితే అరుదైన కారుకు కాస్త ఎక్కువిచ్చినా తప్పులేదు. అలాంటిది మళ్లీ దొరక్కపోవచ్చు. మొదటి రెంటిలో ఏది లేకపోయినా ఆ కారును సరదా బండిగా చూసి, సరదాకు తగ్గ ధరే ఇవ్వండి. మూడోది లేకపోతే అసలు కొనకండి. పెట్టుబడి కోసమే అయితే ఈ దారి మనది కాదు.

ఇంట్లో ఇప్పటికే పాత కారున్నవాళ్లకు ఒక మాట. కొట్టంలోనో షెడ్డులోనో ముసుగేసుకుని ఉన్న కారుకు ఎవరో బరాత్ బేరం తెచ్చారని టాపు కోయించకండి. కోసిన రోజే దాని చరిత్ర, రేపటి విలువ రెండూ పోతాయి. ఆర్సీ వెతికి పట్టుకోండి, తాతగారి పేరున్న కాగితాలు, పాత ఫొటోలు ఒక ఫైల్లో పెట్టండి, 50 ఏళ్లు నిండితే వీఏ నంబరుకు దరఖాస్తు చేయండి. అమ్మాలనుకున్న రోజున కారుకన్నా ముందు ఆ ఫైలుకే ధర పలుకుతుంది.