ల్యాప్‌టాప్ చేతికొచ్చాక లైబ్రరీ ఎందుకు?

నూజివీడు చుట్టుపక్కల చిన్నరసాల సీజన్ ముగిసే సరికి ఇంకో సీజన్ మొదలవుతుంది. అది అడ్మిషన్ల సీజన్. మామిడి తోటలు కౌలుకు చేసే ఇంట్లో, బజార్లో బట్టల కొట్టు నడిపే ఇంట్లో అవే మాటలు. పిల్లకి ట్రిపుల్ ఐటీలో సీటు వస్తుందా, లేక దగ్గర్లోని డిగ్రీ కాలేజీయేనా? అమ్మీ, అబ్బా కలిసి ఫీజు అడుగుతారు, హాస్టల్ అడుగుతారు, ప్లేస్‌మెంట్లు అడుగుతారు. లైబ్రరీ ఎన్ని గంటలు తెరిచి ఉంటుందని మాత్రం దాదాపు ఎవరూ అడగరు. నిజానికి ముందు అడగాల్సిన వాటిలో అదొకటి.

నూజివీడు ట్రిపుల్ ఐటీ 2008లో ఆర్‌జీయూకేటీ కింద మొదలైంది. పదో తరగతి మార్కులతో పల్లె పిల్లల్ని చేర్చుకుని ఆరేళ్లు క్యాంపస్‌లోనే ఉంచి చదివించే విధానం అది. ల్యాప్‌టాప్ మీద పాఠాలు చెప్పడం మొదటి నుంచీ దాని ప్రత్యేకత. అందుకే చాలామందికి ఒక సందేహం వస్తుంది. అన్నీ తెర మీదే ఉన్నప్పుడు లైబ్రరీని కొత్తగా కట్టడం, పెంచడం దేనికి?

ఫోన్, ల్యాప్‌టాప్ ఇవ్వలేనివి మూడున్నాయి. కూర్చునే జాగా, డబ్బు కడితే గానీ తెరుచుకోని సమాచారం, అడిగితే దారి చూపే మనిషి.

గోడ కట్టకుండానే విస్తరణ

రెండు గదుల ఇల్లు, ఒక పక్క టీవీ, ఇంకో పక్క చిన్నపిల్లల అల్లరి, మధ్యలో వచ్చిపోయే చుట్టాలు. ఇలాంటి ఇంటి నుంచి కాలేజీకి వెళ్లొచ్చే పిల్లకి పుస్తకం కంటే ముందు కావాల్సింది ఒక కుర్చీ, ఒక బల్ల, నాలుగు గంటల నిశ్శబ్దం.

దీన్ని లెక్కగా చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. ఒక లైబ్రరీలో 200 సీట్లు ఉండి, రోజుకు 8 గంటలు తెరిస్తే అది ఇచ్చేది 1,600 సీటు-గంటలు. అదే లైబ్రరీని 16 గంటలు తెరిస్తే 3,200. ఒక్క ఇటుక పెట్టకుండానే లైబ్రరీ రెట్టింపైనట్టు. అదనంగా అయ్యేది సిబ్బంది జీతం, కరెంటు, కాపలా ఖర్చు. కొత్త బిల్డింగ్ కట్టి సాయంత్రం ఐదింటికే తాళం వేస్తే పెట్టిన డబ్బులో సగం తాళం వెనకే ఉండిపోతుంది.

ఆడపిల్లల విషయంలో గంటలు పెంచితేనే సరిపోదు. హాస్టల్ దాకా లైట్లు, లోపల వాళ్లకి వేరే టాయిలెట్, రోజూ వెళ్లొచ్చే వాళ్లకి ఆఖరి బస్సు టైము, ఇవన్నీ లైబ్రరీ ప్లానులో భాగమే. రంజాన్ నెలలో ఇఫ్తార్, తరావీహ్ అయ్యాక కూడా తలుపు తెరిచి ఉంటే రోజా ఉన్న పిల్లలకి చదువు ఆగదు.

ఒక్కొక్కరికీ 1,100 రూపాయలు

పరిశోధన జర్నల్స్ చాలా ఖరీదైనవి. ఈ ఖర్చు తగ్గించడానికి కేంద్ర కేబినెట్ 2024 నవంబర్ 25న ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకానికి ఆమోదం తెలిపింది. 2025 నుంచి 2027 దాకా మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు. 30 ప్రచురణ సంస్థల నుంచి దాదాపు 13,000 జర్నల్స్. 6,300కు పైగా సంస్థలు, సుమారు 1.8 కోట్ల మంది విద్యార్థులు, అధ్యాపకులు, పరిశోధకులు. అంటే ఏడాదికి తలకి సుమారు 1,100 రూపాయలు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఈ మొదటి దశ కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ సంస్థలకే. ప్రైవేటు కాలేజీలో చేర్చే వాళ్లు అక్కడ ఆన్‌లైన్ జర్నల్స్ ఏమున్నాయో విడిగా కనుక్కోవాలి. ఏ కాలేజీలో ఉన్నా అందరికీ ఉచితంగా పనికొచ్చేది ఐఐటీ ఖరగ్‌పూర్ తయారు చేసిన నేషనల్ డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. ఫోన్‌లో కూడా తెరుచుకుంటుంది.

13,000 జర్నల్స్ ముందు పెట్టినా తనకి కావాల్సిన పది పేజీలు ఎక్కడున్నాయో మొదటి ఏడాది పిల్లకి తెలియదు. అది చూపించేది లైబ్రేరియన్. రిపేర్లకు కోట్లు ఖర్చుపెట్టి లైబ్రేరియన్ పోస్టు ఖాళీగా వదిలేస్తే ఆ లైబ్రరీ ఉత్త బిల్డింగే.

రంగులు వేస్తే సరిపోదు

పుస్తకాల బరువు తక్కువ కాదు. భవనాల భారానికి సంబంధించిన భారత ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం, పుస్తకాల స్టాక్ రూమ్ నేల తరగతి గది నేల కంటే దాదాపు రెట్టింపు బరువు మోయగలగాలి. పాత తరగతి గదుల్ని ఇంజినీరుతో పరీక్ష చేయించకుండా బీరువాలతో నింపకూడదన్నది అందుకే. బరువైన పుస్తకాలు కింది అంతస్తులో, కుర్చీలు బల్లలు పైన పెట్టడం మంచిది. వానాకాలం తేమ, చెదలు ఈ ప్రాంతంలో ఎలాగూ తప్పవు. కారే కప్పు బాగుచేయడం ఏసీ కంటే ముందు పని. ఆ తర్వాత ప్రతి బల్ల దగ్గరా ప్లగ్ పాయింట్, నిశ్శబ్దంగా చదివే హాలు, గ్రూపుగా మాట్లాడుకునే గది వేర్వేరుగా ఉండాలి. వీల్‌చైర్ వెళ్లేలా ర్యాంపు ఉండాలి.

భాష ఇంకో సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుంచి ఉర్దూ రెండో అధికార భాష. కోహా లాంటి ఉచిత లైబ్రరీ సాఫ్ట్‌వేర్‌లో తెలుగు, ఉర్దూ లిపుల్లోనే పుస్తకం పేరు ఎక్కించొచ్చు, వెతకొచ్చు. ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కిస్తే ఒక్కొక్కరు ఒక్కో స్పెల్లింగ్ రాస్తారు, పుస్తకం షెల్ఫులో ఉండి కూడా దొరకదు.

మనకి కొత్తేమీ కాదు

హైదరాబాద్‌లో సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ చొరవతో 1891లో మొదలైన ఆసఫియా లైబ్రరీ 1936లో అఫ్జల్‌గంజ్‌లోని పెద్ద భవనానికి మారింది. ఇప్పుడది రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం. ఇటు బెజవాడలో 1914 ఏప్రిల్‌లో అయ్యంకి వెంకట రమణయ్య చొరవతో ఆంధ్ర గ్రంథాలయాల తొలి మహాసభ జరిగింది. అప్పట్లో ఉర్దూ వాళ్లూ, తెలుగు వాళ్లూ ఇద్దరూ అర్థం చేసుకున్నది ఒకటే. కొనుక్కోలేని వాడికి పుస్తకం అందాలి.

అడ్మిషన్‌కి ముందు అడగాల్సినవి

- లైబ్రరీ ఎన్నింటికి తెరుస్తారు, ఎన్నింటికి మూస్తారు? ఆదివారం, పరీక్షల రోజుల్లో ఎలా?
- ఎన్ని సీట్లు, ఎంతమంది పిల్లలు?
- ఆన్‌లైన్ పుస్తకాలు, జర్నల్స్ ఇంటి నుంచి చూసేలా లాగిన్ ఇస్తారా?
- పూర్తికాలపు లైబ్రేరియన్ ఉన్నారా?

జవాబు నోటిమాటగానే తీసుకోనక్కర్లేదు. నాక్ గుర్తింపుకి వెళ్లిన కాలేజీలు తమ స్వీయ అధ్యయన నివేదికను వెబ్‌సైట్‌లో పెడతాయి. అందులో లైబ్రరీకి విడిగా ఒక భాగం ఉంటుంది. పుస్తకాల మీద ఏడాదికి ఎంత ఖర్చు, రోజుకి ఎంతమంది వాడుతున్నారు అన్నది అక్కడ చూడొచ్చు. ఆ పేజీ ఇంట్లో చదువుకున్న పిల్లలతో ఒకసారి తెరిపించి చూడండి. ఫీజు కట్టాక అడిగే దానికంటే కట్టక ముందు అడిగిన ప్రశ్నకే బరువెక్కువ.