పొదుగువాపు చికిత్సలో యాంటీబయాటిక్‌కు తోడుగా నిసిన్

పొదుగువాపు సోకిన పశువుకు యాంటీబయాటిక్ చికిత్స జరిపినపుడు, నిర్ణీత విరామ కాలం ముగిసేవరకు ఆ పాలను వాడకూడదు. పాలలో మిగిలిన మందు తోడులోని మేలుచేసే బాక్టీరియాను సైతం అణచివేయడంతో పెరుగు సరిగా తోడుకోదు. రైతుకు ఇది ప్రత్యక్ష నష్టం. మందులను విచక్షణ లేకుండా వాడినందువల్ల నిరోధకత పెంచుకున్న బాక్టీరియా మిగిలిపోవడం అంతకంటే పెద్ద నష్టం. ఉన్న మందులనే తక్కువ మోతాదులో సమర్థంగా పనిచేయించే మార్గాలపై పరిశోధనలు సాగుతున్నది ఇందుకే. పాల బాక్టీరియా ఉత్పత్తి చేసే బాక్టీరియోసిన్‌లు అటువంటి మార్గాలలో ఒకటి.

వీటిలో ముఖ్యమైనది నిసిన్. లాక్టోకాకస్ లాక్టిస్ తయారుచేసే ఈ పెప్టైడ్‌లో 34 అమైనో ఆమ్లాలు ఉంటాయి. దీని నిరోధక ప్రభావాన్ని 1928లోనే గుర్తించారు. 1947లో నిసిన్ అని పేరు పెట్టారు. ఆహార నిల్వకారిగా ఇది ఇ-234 సంఖ్యతో ప్రసిద్ధం.

బాక్టీరియా కణకవచ నిర్మాణానికి అవసరమైన లిపిడ్-2 అనే అణువును నిసిన్ పట్టుకొంటుంది. దీనివల్ల కవచ నిర్మాణం ఆగిపోవడమే గాక, కణత్వచంలో రంధ్రాలు ఏర్పడి కణం మరణిస్తుంది. వాంకోమైసిన్ సైతం ఇదే అణువును ఆశ్రయించినా, పట్టుకొనే భాగం వేరు. అందువల్ల వాంకోమైసిన్‌కు లొంగని కొన్ని బాక్టీరియా నిసిన్‌కు లొంగుతాయి. స్టాఫిలోకాకస్ ఆరియస్ వంటి బాక్టీరియా ఏర్పరచే జీవపొరలపై కొన్ని యాంటీబయాటిక్‌లు నిసిన్ తోడైనపుడు మెరుగ్గా పనిచేసినట్లు ప్రయోగశాలల్లో తేలింది. అయితే అన్ని జతలూ, అన్ని స్ట్రెయిన్‌లపై ఒకే ఫలితం ఇవ్వవు.

ఈ కలయికను అంచనా వేయడానికి భిన్న నిరోధక గాఢత సూచిక ఉపయోగపడుతుంది. ఉదాహరణకు, విడిగా 8 యూనిట్లు అవసరమైన యాంటీబయాటిక్ జతలో 2 యూనిట్లకు, 4 యూనిట్లు అవసరమైన నిసిన్ 1 యూనిట్‌కు తగ్గితే, సూచిక 0.25 + 0.25 = 0.5 అవుతుంది. 0.5 లేదా అంతకు తక్కువైతే సహక్రియ. 4 దాటితే విరోధక్రియ.

పరిమితులనూ గమనించాలి. ఇ. కోలై వంటి గ్రామ్ నెగెటివ్ బాక్టీరియా వెలుపలి పొర నిసిన్‌ను అడ్డుకొంటుంది. పాలిమిక్సిన్‌లు ఆ పొరను సడలిస్తాయి. కాని ఆ తరగతికి చెందిన కొలిస్టిన్‌ను ఆహారోత్పత్తి పశువులలో వాడకుండా మన దేశం 2019లో నిషేధించింది. జీర్ణ ఎంజైములు నిసిన్‌ను విచ్ఛిన్నం చేస్తాయి కనుక నోటి ద్వారా ఇచ్చి పొదుగుకు చేర్చడం సాధ్యం కాదు. పొదుగువాపు కారకాలలో ఒకటైన స్ట్రెప్టోకాకస్ అగలాక్టియేలో నిసిన్‌ను ఛేదించే ప్రోటీన్ ఉన్నట్లు తెలిసింది. అనగా నిరోధకత సమస్య దీనికీ తప్పదు. పైగా పాలలో మిగిలిన నిసిన్ కూడా తోడు బాక్టీరియాను అడ్డుకోగలదు.

కాబట్టి విస్తరణ శాస్త్రవేత్తలు ఒక అపోహకు తావివ్వరాదు: పెరుగునో, మజ్జిగనో పొదుగుకు పూయడం నిసిన్ చికిత్స కాదు. ప్రస్తుతానికి పాల నమూనా పరీక్ష, పశువైద్యుడు సూచించిన మందును పూర్తి కాలం వాడటం, విరామ కాలాన్ని పాటించడం, పాలు పిండిన వెంటనే చన్నులను క్రిమినాశక ద్రావణంలో ముంచడం రైతు చేతిలో ఉన్న నమ్మకమైన ఉపాయాలు. విద్యార్థులకు మాత్రం పరిశోధనాంశాలు కొదువ లేవు: స్థానిక పశువుల పాల నుండి వేరుచేసిన స్ట్రెయిన్‌లపై ఏ జత, ఏ మోతాదులో పనిచేస్తుందో, పాలలో ఎంతకాలం మిగులుతుందో తేల్చవలసి ఉంది.